ఆయన చూపించిన చెయ్యి

నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ను. మహబూబ్‌నగర్‌లో ఒక స్కానింగ్ సెంటర్‌లో పనిచేస్తాను. రోజుకు నలభై మంది, సోమవారాలైతే అరవై మంది ఎముకలు నా ముందు తెల్లగా వెలిగి వెళ్లిపోతాయి. సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండదు. మోకాలు మోకాలే, భుజం భుజమే. పేరు కనబడకుండా మూసి ఇది ఎవరి ఎముకో చెప్పమంటే ఏ టెక్నీషియనూ చెప్పలేడు, నేనూ చెప్పలేను. ఒకే ఒక్కసారి చెప్పగలిగాను. అదీ మధ్యాహ్నం అన్నం తింటూ, ఫోన్‌లో, ముక్కూ మొహం తెలియని ఒక మనిషి నవ్వుతూ చేసిన వీడియోలో.

మాది కట్టంగూర్ మండలంలో ఒక ఊరు. ఇప్పుడు ఇంటింటికీ నల్లా ఉంది, నది నీళ్లు వస్తున్నాయి. మా అమ్మ పెరిగిన రోజుల్లో, కాపురానికి వచ్చిన రోజుల్లో బోరునీళ్లే. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ ముందు ఆమె పళ్ల మీద గోధుమరంగు చారలుగా కనిపించింది, తర్వాత ఎముకల్లోకి దిగింది. నాకు ఏదైనా రాసిపెట్టుకునే అలవాటు. అమ్మకు యాభై దాటేసరికి ఆమె చేయలేని పనులు నా నోట్‌బుక్‌లో ఒక పేజీ అయ్యాయి. కుడిచెయ్యి భుజం దాటి లేవదు. మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. కింద కూర్చుంటే గోడ పట్టుకోకుండా లేవలేదు. తల దువ్వడం మా నాన్న వంతు; ఆయనను బాపు అంటాం. ఆయనకు జడ అల్లడం రాదు కాబట్టి అమ్మకు ఎప్పుడూ ముడే.

ఒక ఆదివారం ఇంటికి వెళ్లేసరికి అమ్మ స్టూలెక్కి, సజ్జ మీద నుంచి ఇత్తడి గంజును దించుతోంది. కుడిచేత్తో.

"అమ్మా, దిగు! పడ్తవ్!"

"ఎందుకు పడ్త? నీ కండ్లు వడ్డయ్ గని," అని ఆమె దిగి, గంజు పక్కన పెట్టి, చేతిని తల మీదికి లేపి చూపించింది. పదేళ్ల తర్వాత ఆ చెయ్యి అంత పైకి లేవడం చూశాను. నా నోరు తెరుచుకునే ఉండిపోయింది.

పక్కింటామె అరుగు మీద నుంచి నవ్వింది. వరుసకు నాకు పెద్దమ్మ. ఆమెదీ అదే జబ్బు. నడుము ముందుకు వంగిపోయింది. "గట్ల సూడకు బిడ్డా, ఈగలు వోతయ్. మీ యమ్మ ఇప్పుడు వయసు పిల్ల. వచ్చే యేడు బతుకమ్మ ఆడుతది సూడు."

కారణం బియ్యం డబ్బా పక్కన ఉంది. పసుపు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, దాని మీద కాషాయం కండువా వేసుకున్న ఒక మనిషి ఫొటో. పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా. ఏడు నెలలుగా తింటోందట; పెద్దమ్మ ఈమధ్యే మొదలుపెట్టిందట. నాకు చెప్పలేదు. పెద్దమ్మ ఫోన్‌లో మధ్యాహ్నాలు ఇద్దరూ కూర్చుని ఆయన వీడియోలు చూస్తారట. ఆయనను ఇద్దరూ 'సార్' అనే అంటారు.

"మరి బీపీ గోలీలు?"

"బంద్ జేసిన. పొడి తినేటప్పుడు ఇంగిలీషు గోలీలు వద్దన్నడు సార్."

అమ్మ ముఖం నిండుగా కనిపించింది. బుగ్గలు వచ్చాయి. ఒళ్లు చేసిందని లోపల ఎక్కడో సంతోషపడ్డాను కూడా. చదువుకున్నవాడినై ఉండి అలా సంతోషపడినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"అమ్మా, ఈ జబ్బు తగ్గేది కాదే. మంచినీళ్లు తాగితే పెరగకుంట ఉంటది, అంతే. ముదిరిన బొక్కను ఏ పొడీ కరగదియ్యదు."

"నువ్వు బొక్కల ఫొటోలు తీసెటోనివిరా. ఆయన డాక్టరు."

పెద్దమ్మ కిసుక్కున నవ్వింది. అమ్మ తగ్గలేదు. "ఊకె చెప్పేటోడైతే నేను నమ్మకపోదును. ఆయనకే వచ్చిందట గీ రోగం. ఏడేండ్లు మంచాన వడ్డడట. ఆయన చెయ్యి ఎక్స్‌రే జూపిచ్చిండు. అచ్చం నా చెయ్యి లెక్కనే ఉన్నదిరా. గవ్వే బొక్కలు, గదే ముండ్లు ముండ్లు. నాకు పానం దస్సుమన్నది సూశి. గటువంటి చెయ్యే మంచిగైనప్పుడు నాది గాదా?"

అప్పుడు ఆ మాటను నేను పట్టించుకోలేదు. ఫ్లోరైడ్ ముదిరిన చేతులన్నీ దాదాపు ఒకేలా కనిపిస్తాయి: రెండు ఎముకల మధ్య ఉండే పల్చటి పొర గట్టిపడి, రంపపు పళ్లలా తేలుతుంది. అమ్మకు అలా కనిపించడంలో వింతేముంది అనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో, దేవరకొండ దాటాక, నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీశాను. అమ్మతో మాటలతో గెలవలేను. కాగితం మీద గెలవవచ్చు అనుకున్నాను. మొదటి వరుసలో 'ఈయనకు ఏ జబ్బులు వచ్చాయి' అని రాశాను, రెండో దాంట్లో 'ఏం చదివారు' అని.

మొదటి వరుస నింపడానికి ఆయన వీడియోలు వారం రోజులు చూశాను. ఫ్లోరైడ్‌తో ఏడేళ్లు మంచం మీద, ఇది అమ్మ చెప్పిందే. ఒక వీడియోలో రెండు కిడ్నీలూ పాడై నాలుగేళ్లు. షుగర్ పదకొండేళ్లు. పక్షవాతం మూడేళ్లు. ఇవన్నీ ఆకులతో, పొడులతో తనకు తానే తగ్గించుకున్నారు. ఇవి కాక హిమాలయాల్లో గురువుల దగ్గర పన్నెండేళ్లు, అడవిలో మూలికలు నేర్చుకుంటూ ఐదేళ్లు. పుట్టినరోజు వీడియోలో ఆయన వయసు ముప్పై ఎనిమిది. నేను కలిపినవి నలభై రెండు. కొన్ని జబ్బులు ఒకేసారి వచ్చాయని అనుకుందామన్నా, మంచం దిగలేదన్న ఏళ్లలోనే మంచు మీద నడుస్తున్న ఫొటోలు పెట్టారు. వేలమంది చూశారు. ఒక్కరూ కూడిక చేయలేదు. ఎందుకు చేస్తారు? నొప్పిలో ఉన్నవాళ్లు కూడికలు చేయరు.

రెండో వరుసకు ఆయన వెనక గోడ సరిపోయింది. నాలుగు ఫ్రేములు. వీడియో ఆపి, పెద్దవి చేసి చూశాను. ఒకటి, 'ప్రత్యామ్నాయ వైద్యం'లో మూడు నెలల సర్టిఫికెట్; ఇచ్చిన సంస్థ పేరు నేనెప్పుడూ వినలేదు. రెండోది గౌరవ డాక్టరేట్. మూడోది యోగా పోటీలో పాల్గొన్నందుకు ఇచ్చినది. నాలుగోది ఒక సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం. ప్రతి వీడియో చివర ఆయన గంభీరంగా చదివే 'నా రిజిస్ట్రేషన్ నంబరు' ఆ నాలుగో కాగితం మీదిది. అది మనిషికి వైద్యం చేయడానికి ఇచ్చిన నంబరు కాదు, సంఘం పెట్టుకోవడానికి ఇచ్చినది. మా సెంటర్‌కు రోగులను పంపే ఒక ఆయుర్వేద డాక్టరమ్మ ఉంది, ఐదున్నరేళ్లు చదివిన మనిషి. ఆమెకు చూపించాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మేము చదివిన చదువును గూడ కలిపి బజార్ల పెడ్తున్నరు," అంది.

ఆయన వీడియో కింద మర్యాదగా ఒక ప్రశ్న రాశాను: 'సార్, మీరు ఏ కాలేజీలో, ఎన్నేళ్లు చదివారు?' పది నిమిషాల్లో నా ప్రశ్న మాయమైంది, నేనూ బ్లాక్ అయ్యాను. ఆ పది నిమిషాల్లోనే ఎవరో నా చదువును, నా పుట్టుకను ప్రశ్నిస్తూ రాసిన జవాబులు మాత్రం చాలా వచ్చాయి. సాయంత్రం అమ్మ ఫోన్.

"సార్‌ను అడ్డమైన మాటలన్నవంట?"

"అడ్డమైన మాటలు కాదమ్మా. ఏం చదివిన్రని అడిగిన."

"ఎందుకడగాలె? మీ సెంటర్ల ఎక్స్‌రే తీపిచ్చుకునేటోళ్లు నిన్ను అడుగుతున్నరా ఏం జదివినవని? పెద్దమ్మ ముంగట నా ఇజ్జత్ తీసినవ్. పేరు సూశి గుర్తువట్టింది."

ఆమె చెప్పింది నిజమే. నన్ను ఎవరూ అడగలేదు. ఆ వారమే నా డిప్లొమా కాగితం ఫ్రేము కట్టించి యంత్రం గది బయట పెట్టాను.

పొడి మాన్పించడానికి నా దగ్గర మిగిలింది, నేనింకా తెరవని ఆ ఫ్లోరైడ్ వీడియో ఒక్కటే. ఆ ఎక్స్‌రేలో వైద్యపరంగా ఏదైనా తప్పు దొరికితే అమ్మకు చూపించవచ్చు. సెంటర్ ఫోన్‌లో, భోజనం టైములో, డబ్బాలోని పప్పన్నం కలుపుకుంటూ పెట్టాను.

ఆయన ఒక ఫిల్మును కిటికీ అద్దానికి అంటించి, వేలితో చూపిస్తున్నారు. "బంధువులారా, ఇది నా ఎడమ చెయ్యి. చూశారా, ముళ్లకంపలా ఎలా ఉందో! డాక్టర్లు చేతులెత్తేశారు." పక్కనే రెండో ఫిల్ము, నున్నటి ఎముకలు. "ఇది మూడు నెలల తర్వాత."

రెండో ఫిల్ము ఒక కుర్ర చెయ్యి. ఎప్పుడూ జబ్బు చేయనిది. అది చూడగానే తెలుస్తుంది. కానీ నా చూపు మొదటి దాని మీద ఆగింది. ఎడమ చేతికి, కుడి చేతికి తేడా తెలియాలని మేము ఫిల్ము మూల సీసపు అక్షరం పెడతాం. ఇక్కడ ఎడమకు గుర్తైన అక్షరం ఉంది, సరిగ్గానే చదవవస్తోంది. వేళ్లు పైకి ఉన్నాయి. అరచెయ్యి పైకి పెట్టి తీసిన ఎడమ చెయ్యి అయితే బొటనవేలి వైపు ఎముక మనకు ఎడమ పక్కన కనిపించాలి. ఇది కుడి పక్కన ఉంది. అంటే ఇది కుడి చెయ్యి. తీసినవాడు తప్పు అక్షరం పెట్టాడు.

ఎవడో మూర్ఖుడు, అనుకున్నాను. ఆ తర్వాత ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

డిప్లొమా చదివేటప్పుడు నల్లగొండలో ఒక చిన్న సెంటర్‌లో పని నేర్చుకున్నాను. అక్కడికి అమ్మ ముంజేతి నొప్పితో వచ్చింది. సీనియర్ బయటికి వెళ్లాడు. అమ్మే కదా అని నేనే తీస్తానన్నాను. "గాజులు తియ్యమ్మా," అన్నాను. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. "మీ బాపు బతికుండంగ చెయ్యి బోడిగ జేసుకోన? పోరా." ఇది మాకు రోజూ ఉండే తంటా. కొందరు ఆడవాళ్లు మణికట్టుకు పసుపుతాడు కట్టుకుని గాజులు తీస్తారు, కొందరు ఒక్క గాజు ఉంచమంటారు. అమ్మ ఏదీ ఒప్పుకోలేదు. చివరికి రెండు మట్టిగాజులనూ మోచేతి దాకా ఎక్కించి, జారకుండా టేపు వేశాను. అవి పైకి పోతుంటే ఆమె అరిచింది, నాకు చెమటలు పట్టాయి. ఆ కంగారులో చేతికి దొరికిన సీసపు అక్షరాన్ని వంకరగా అంటించాను. ఫిల్ము వచ్చాక చూస్తే ఎడమ అక్షరం. సీనియర్ తిట్టి, మళ్లీ కిరణాలు ఎందుకని అదే ఫిల్ము మీద స్కెచ్ పెన్నుతో అక్షరం కొట్టేసి, సరైనదీ, అమ్మ పేరూ రాసి ఇచ్చాడు. స్కెచ్ పెన్ను రాత స్పిరిట్ దూదితో తుడిస్తే పోతుంది. ఆ ఫిల్మును చదువుకునే రోజుల్లో లెక్కలేనన్నిసార్లు వెలుగుకు పెట్టి చూశాను.

నోట్‌బుక్ తీశాను. వరుసగా రాశాను. తప్పు అక్షరం. అక్షరం వంకర, అదీ అదే వైపు వంకర. మణికట్టు పైన ఎముక ఎప్పుడో విరిగిన గీత. అమ్మ చిన్నప్పుడు ఎడ్లబండి మీద నుంచి పడింది. ముళ్లలా లేచిన పొరలో పైనుంచి మూడోది మిగతావాటికన్నా పొడుగు. నాలుగూ కలిశాయి. ఐదోది గాజులు. అవి ఉండాల్సిన చోట, కింద మోచేతి దగ్గర, ఫోన్ నంబరుతో పసుపు పట్టీ ఒకటి పాకుతూ పోతోంది. ఏమీ కనిపించదు.

వీడియోను మొదటికి తెచ్చాను. ఫిల్మును అద్దానికి అంటించే ముందు ఆయన కవరులోంచి తీసి గాలిలో ఎత్తుతారు. అప్పటికి పట్టీ ఇంకా మొదలుకాలేదు. ఆపాను. కింది అంచున, ఎముకలను అడ్డంగా కోస్తూ, రెండు సన్నటి విల్లులు.

మా అమ్మ గాజులు.

బయట రిసెప్షన్ అమ్మాయి పేరు పిలుస్తోంది, ఎవరో కాలు విరిగిన మనిషి వచ్చాడు. నేను కదలలేకపోయాను. మోసం ఉంటుందని నాకు తెలుసు. అది వెతకడానికే కూర్చున్నాను. కానీ ఇలాంటిది ఊహించలేదు. అమ్మను నమ్మించింది ఆయన మాట కాదు, ఆయన కండువా కాదు. 'అచ్చం నా చెయ్యి లెక్కనే' అంది. ఆమె తన చేతిని చూసే నమ్మింది. తన జబ్బునే సాక్ష్యంగా చూసి తాను మందు మింగింది.

పని ముగిశాక పసుపు పట్టీ మీది నంబరుకు ఫోన్ చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది, మంచి మర్యాదగా.

"ఫ్లోరైడ్ వీడియోలో చూపించిన ఎక్స్‌రే సార్‌దేనా?"

"అవునన్నా, సార్‌దే. ఎంత కష్టపడ్డరో సార్."

"దాంట్ల గాజులున్నయ్."

 ఆమె గొంతు తగ్గించి, నాకేదో తెలియని సంగతి విడమర్చి చెప్తున్నట్టు అంది: "అన్నా, ఎవల బొక్కలైతే ఏంది? బొక్కలన్నీ ఒక్కతీర్గనే ఉంటయ్ గదా. జనాలకు సమజ్ గావాల్నని పెడ్తం. మీకు డబ్బా గావాల్నా, వద్దా?"

 రోజూ నేనే అనుకుంటాను, మోకాలు మోకాలే అని. ఫోన్ పెట్టేశాను.

మరునాటికి వీడియోలో ఆ రెండు సెకన్లు లేవు. ఫిల్ము నేరుగా అద్దం మీదే మొదలవుతోంది. అంటే వాళ్లకు తెలుసు. అదృష్టం కొద్దీ నేను ముందే దాచిపెట్టుకున్నాను.

సెలవు పెట్టి ఊరికి వెళ్లాను. నార్కట్‌పల్లిలో బస్సు మారేటప్పుడు ఎలా చెప్పాలో వరుస క్రమంలో అనుకున్నాను: ముందు అక్షరం, తర్వాత ఎముక విరిగిన గీత, అలా. అరుగు మీద అమ్మా పెద్దమ్మా చింతపండు గింజలు తీస్తున్నారు. నా వరుస క్రమం ఆమెకు అక్కర్లేకపోయింది. అక్షరం గురించి మొదలుపెడితే, "మళ్ల సార్ ముచ్చటేనా?" అని తల తిప్పేసుకుంది. ఫోన్ ఆమె ముందు పెట్టి, ఆపిన బొమ్మను పెద్దది చేశాను.

"గీ గీతలేందో చెప్పమ్మా."

పెద్దమ్మ ముందు వంగింది. "గాజులోలె ఉన్నయ్. ఆయన మొగోడు గదనే, గాజులేసుకుంటడా? ఏమో, హిమాలయాలల్ల ఏసుకుంటరేమో."

అమ్మ నవ్వలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ తీసుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత తన కుడి ముంజేతిని ఫోన్ పక్కన పెట్టుకుని, మణికట్టు మీది పాత గుంటను బొటనవేలితో తడుముకుంది.

"నాదే," అంది.

"ఏంది నీది?"

"చెయ్యి నాది. గాజులు ఎక్కిచ్చినప్పుడు వీడు నా తోలు ఊడవీకిండు, యాదున్నది." నా వైపు తిరిగింది. "పొడి తినకముందు చిట్యాలల ఫంక్షన్ హాల్ల సార్ క్యాంపు వెడితే వోయినం, నేను, పెద్దమ్మ. పాత కాయితాలన్ని తెమ్మన్నరు. ఎక్స్‌రే ఆడ ఇడిశిపెట్టుమన్నరు, సార్ సూశి మతలబు చెప్తడని. ఇయ్యాల్నాయె, రేపాయె, మళ్ల ఇయ్యనేలే. నీకు చెప్తే తిడ్తవని చెప్పలే."

 మా దగ్గర ఎవరైనా ఇంతే. ఏ దవాఖానకు పోయినా పాత ఫిల్ములు కవరుతో సహా పట్టుకెళ్తారు, అడిగితే అసలుదే ఇచ్చేస్తారు. నకలు ఉంచుకోవాలని ఎవరికీ తోచదు. నేనే రోజుకు నలభై మందికి ఆ కవర్లు ఇస్తాను, ఒక్కరికీ చెప్పలేదు.

"మరి తగ్గినంక అని సూపిచ్చిన రెండో చెయ్యి ఎవలది?" అంది అమ్మ.

"తెల్వదమ్మా. ఎవరిదో మంచి చెయ్యి."

"నాది గాదు గదా?"

ఆ ప్రశ్నలో ఒక చిన్న ఆశ ఉంది. దాన్ని విన్నప్పుడు కలిగిన బాధ, గాజులు చూసినప్పటి కన్నా ఎక్కువ.

నేను లేచి డబ్బా తీసుకుని పెంటకుప్ప వైపు నడిచాను. అమ్మ అరిచింది: "ఆగు! గది పారవోయకు. ఏడు నెలలు కడుపులకు వోయింది గది. ఏం తిన్ననో దవాఖానల చూపియ్యాలె గదా." ఆ మాట ఆమెకు తోచకపోతే ఏమయ్యేదో మరునాడు నల్లగొండలో తెలిసింది.

డాక్టరు అమ్మ ముఖం చూశాడు, చేతుల మీది కమిలిన మచ్చలు చూశాడు, షుగర్ పరీక్ష చేయించాడు. ఎప్పుడూ లేని షుగర్ వచ్చింది. బీపీ ఎక్కడో ఉంది. డబ్బా మూత తీసి వాసన చూసి పెట్టేశాడు. "దీంట్లో ఏం కలిపారో పరీక్ష చేయిస్తే తప్ప చెప్పలేను. కానీ ఇంత తొందరగా నొప్పి పోవడం, ఈ ముఖం ఉబ్బడం, ఈ షుగర్... స్టెరాయిడ్ అని నా అనుమానం."

"ఇయ్యాలనే బంద్ జేస్త సారూ," అంది అమ్మ.

"పొడి బంద్ చేయాలమ్మా, కానీ దాని బదులు నేనిచ్చే గోలీలు వేసుకోవాలె, నేను చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గించుకుంట పోవాలె. ఏడు నెలలు తిన్నదాన్ని ఒక్కసారి ఆపితే పానం మీదికొస్తది."

పెంటకుప్ప వైపు నడిచిన నా కాళ్లను చూసుకున్నాను. ఫిల్ములోని ఐదు గుర్తులనూ పట్టుకున్నవాడిని, అమ్మను చంపే పని చేయబోయాను.

నేను ఫిర్యాదులు చేశాను. వీడియో పెట్టిన చోట, పోలీసులకు, మందుల అధికారులకు. అన్నిటికీ నంబర్లు వచ్చాయి, నోట్‌బుక్‌లో ఉన్నాయి. వీడియో ఇంకా ఉంది. దాని కింద రోజూ కొత్తవాళ్లు 'మా అమ్మకు కూడా సేమ్ ఇలాగే ఉంది సార్' అని రాస్తున్నారు.

గోలీలు తగ్గుతున్నకొద్దీ అమ్మ ముఖం మళ్లీ సన్నబడింది. షుగర్ దిగింది. చెయ్యి కూడా దిగింది. మొదట చెవి దాకా, తర్వాత భుజం దాకా. నొప్పి తిరిగి వచ్చిన తీరు చూసి నేను భయపడ్డాను. పొద్దున మంచం మీద నుంచి లేవడానికి బాపు రెండు చేతులూ పట్టి లాగాలి. ఒకరోజు ఆమె నాతో అంది: "మోసమని తెల్శినంక గూడ ఒక్క శెంచ తింటె ఎట్లుండు అనిపిస్తదిరా. తప్పా?" తప్పు కాదన్నాను. 

పెద్దమ్మ మాత్రం మానలేదు. గాజులు తన కళ్లతో చూసింది, అమ్మ నోటితో విన్నది. "ఎవలదైతే ఏంది చెల్లె, నాకైతే నడుము లేశింది గదా," అంది. పోయిన నెల నేను వెళ్లినప్పుడు ఆమె ముఖం అమ్మ ముఖం ఉబ్బినట్టే గుండ్రంగా ఉంది. ఈ ఫిల్ము సంగతి తెలిసి కూడా తినడం చూసి నా బుర్ర పనిచేయలేదు. కూడికలు చెప్పాను, సర్టిఫికెట్లు చెప్పాను, స్టెరాయిడ్ చెప్పాను. ఆమె అన్నిటికీ తలూపి, చివరికి ఒక్కటే అంది: "మీ యమ్మను అడుగుత. బంద్ జేశింది గదా, ఎట్లున్నదో ఆమెనే చెప్పనీ."

ఆమె వచ్చేలోపు నేను అమ్మ దగ్గర కూర్చున్నాను. "పెద్దమ్మ అడిగితే మంచిగనే ఉందని చెప్పమ్మా. నొప్పి ఏం లేదని చెప్పు. అప్పుడు ఆమె గూడ దవాఖానకు వస్తది."

అమ్మ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "తగ్గకుంటనే తగ్గిందని చెప్పాల్నా? గా సార్ చెప్పిందే నన్ను గూడ చెప్పుమంటవా?"

నా దగ్గర అప్పటికి పదకొండు పేజీలున్నాయి, ఆయన అబద్ధాలవి. పన్నెండోది నా నోటి నుంచి వచ్చింది. తల దించుకున్నాను.

పెద్దమ్మ వచ్చి అరుగు అంచున కూర్చుంది. నడుము నిటారుగా ఉంది. "చెప్పు చెల్లె. నిజం చెప్పాలె. ఎట్లున్నది?"

"నొప్పి ఉన్నదక్కా," అంది అమ్మ. "మస్తున్నది. చెయ్యి లేస్తలేదు. నిన్న చెంబు ఎత్తవోతె జారి కిందవడ్డది. నువ్వు బంద్ జేస్తే నీకూ గిట్లనే ఉంటది. మళ్ల వంగుతవ్."

నేను కళ్లు మూసుకున్నాను. అయిపోయింది అనుకున్నాను.

"మరి ఎందుకు తినకుంటున్నవే?"

"గది తింటె నొప్పి వోతది, నేను గూడ వోత. డాక్టరు చెప్పిండు. నాకు ఇంక కొన్నేండ్లు ఉండాల్నని ఉన్నది."

పెద్దమ్మ ఎదురుగా రోడ్డు మీద బత్తాయిల ట్రాలీ పోతుంటే అది మలుపు తిరిగేదాకా చూసింది. తన బుగ్గలను రెండు అరచేతులతో ఒకసారి నొక్కి చూసుకుంది. లేవబోయి, మళ్లీ కూర్చుంది.

"దవాఖానకు ఏ వారం వోతరు మీరు?"

"బుధారం. పొద్దుగాల బస్సుకు."

"ఊఁ," అంది పెద్దమ్మ. వస్తానని మాత్రం అనలేదు.

ఆమె గుమ్మం దాటుతుంటే అమ్మ వెనక నుంచి అంది: "ఒక్కసారే బంద్ జేయకక్కా. డబ్బ సంచిల ఏస్కరా."